అక్క గీత

ఫిబ్రవరి 6, గురువారం

మా బిల్డింగ్ లిఫ్టు మళ్ళీ మొరాయించింది. పగలంతా ఊళ్ళో లిఫ్టులు బాగుచేసి వచ్చిన బావకి ఇంటి దగ్గర కూడా అదే పని తగిలింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఐదో అంతస్తు పెద్దావిడ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. బావ స్క్రూలు బిగిస్తూ ఆవిడకి ఖగోళం బోధిస్తున్నాడు.

"మా ఆవిడ కనిపెట్టిందండీ ఆ వలయాన్ని. మామూలుగా చూస్తే కనపడదు, అంత పల్చన. బండి ఆ గ్రహం వెనక్కెళ్ళి, సూర్యుణ్ణి గ్రహం చాటుకి పెట్టి చూడాలి. కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఇంట్లో దుమ్మంతా తేలుతూ కనబడదూ? అచ్చం అలాగ."

"బండేమిటయ్యా?"

"వ్యోమనౌకండీ. మా ఆవిడ ఆఫీసులో బండి అంటారు దాన్ని."

"ఓహో. మరి ఇప్పుడేం కనిపెడుతోంది మీ ఆవిడ?"

"లేదండీ. పోయింది. ఏడు నెలలైంది."

పెద్దావిడ "అయ్యో" అంది. నేను మెట్లవైపు నడిచాను. బావ నన్ను చూశాడు. చూసి కూడా గొంతు తగ్గించలేదు, ఇంకాస్త పెంచాడు. "ఆ వలయానికి అందరూ అక్క గీత అనే అంటారండీ ఆఫీసులో! వీడు, మా బావమరిది, అక్కా అక్కా అంటుంటే విని అందరికీ అదే అలవాటైపోయింది!" నాలుగో అంతస్తు దాకా వినపడుతూనే ఉంది.

బావకి ఆ గీతే ప్రాణం. దానికేమైనా అయితే మనిషి నిలబడడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఆఫీసులో ఎవరో అక్క కుర్చీ తీసుకెళ్ళి మీటింగు గదిలో వేశారు. వెనక్కి తెచ్చి దాని చోట పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం వాళ్ళకే మంచిదైంది.

ఫిబ్రవరి 10, సోమవారం

నా ఉద్యోగం కెమెరా మొహం కడగడం అనేది అక్క. నిజమే. ఏ కెమెరాకైనా తన మచ్చలు తనకి ఉంటాయి. ఎక్కడో అంచులోంచి ఎండపొడ దూరుతుంది, ఎక్కడో మెరుపు పడుతుంది. అవన్నీ పట్టుకుని ఫొటోల్లోంచి తీసేయాలి. అందుకోసం గ్రహం వైపు కాకుండా, పక్కన వట్టి చీకటిలోకి తీసిన ఫొటోలు కొన్ని ఉంటాయి. క్రితంసారి బండి గ్రహం వెనక్కి వెళ్ళినప్పుడు తీసిన అలాంటి ఫొటోలు ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్నాయి. ఇవాళ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపాను.

ఒక పక్కన సన్నగా ఏదో ఉన్నట్టు అనిపించింది. మానిటర్ మీద దుమ్ము. తుడిచాను.

తుడిచాక చూశావా అంటే, చూడలేదు. తలనొప్పిగా ఉండి ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

కోతల మీటింగు. బండిలో ఇంధనం అడుగంటింది. గ్రహం వెనక్కి వెళ్ళడం ఇదే ఆఖరు. ఉన్న కొద్ది గంటల్లో ప్రతి బృందానికీ ఏదో ఒకటి చూడాలని ఉంటుంది, అందుకని అందరివీ కోస్తున్నారు. కోసేవాడు ప్లానింగ్ ఆఫీసరు. ఆయనకి కత్తెర అని పేరు పెట్టింది అక్కే.

"మీది ఒక ముప్పావుగంట తీసేయాలి," అన్నాడు కత్తెర.

"ఏదైనా తీసేయండి. పక్కకి తిప్పడం మాత్రం ముట్టుకోవద్దు," అంది మేడమ్. కెమెరా బృందానికి ఆవిడే పెద్ద. అక్క ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇద్దరిదీ ఒకే గది.

పక్కకి తిప్పడం గురించి ఇక్కడ రాసుకోవలసిన అవసరం నాకు లేదు. అయినా రాస్తున్నాను, రాస్తే తల తేరుకుంటుందేమోనని. క్రితంసారి కెమెరా మొదటినుంచి చివరిదాకా నిటారుగానే ఉంది. అక్క ఆ వందల ఫొటోలూ కలిపితే, తెలిసిన వలయాలన్నిటికీ బయట ఒక సన్నటి గీత తేలింది. కొత్త వలయం అన్నారు, చప్పట్లు కొట్టారు. కానీ కెమెరా సొంత మచ్చ ఏదైనా ఉంటే అది కూడా ప్రతి ఫొటోలో ఒకేచోట పడుతుంది. కలిపినకొద్దీ అదీ చిక్కబడి గీతలాగే కనబడుతుంది. అందుకని ఈసారి మధ్యలో కెమెరాని పక్కకి పడుకోబెట్టి మళ్ళీ తీయాలి. అప్పుడు ఫొటోలో గ్రహమూ వలయాలూ అన్నీ పక్కకి ఒరుగుతాయి. గీత కూడా వాటితోపాటు ఒరిగితే అది వలయం. ఒరక్కుండా ఫొటోలో ఉన్నచోటే ఉండిపోతే అది కెమెరాది. ఆసుపత్రిలో చేరే ముందు అక్క పట్టుబట్టి ప్లానులో పెట్టించిన ఆఖరి పని అదే.

"తీసేయండి," అన్నాను నేను.

మేడమ్ నావైపు తిరిగింది. "ఆ ముప్పావుగంట కోసం మీ అక్క ఎంత పోట్లాడిందో తెలీదా నీకు?"

"తెలుసు మేడమ్. కానీ ఇప్పుడక్కర్లేదు. గీత ఖాయం. పాపం ఊటల వాళ్ళకి అసలే టైము చాలడంలేదు."

ఊటల వాళ్ళంటే ఆ గ్రహం చుట్టూ తిరిగే చందమామల మీద నీళ్ళు చిమ్మే ఊటలు చూసే బృందం. నిన్నటిదాకా వాళ్ళంటే నాకు పడేది కాదు. ఇవాళ జాలేసింది. బయటికి వచ్చాక వాళ్ళ నాయకుడు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మంచిపనే చేశాను.

ఫిబ్రవరి 12, బుధవారం

భోజనం దగ్గర బావకి చెప్పాను.

"అంటే ఇంక పరీక్ష లేదా?"

"లేదు. ఖాయమే కదా, ఎందుకూ అని తీసేశారు."

"ఎవరు తీసేశారు?"

"ఇంకెవరు, కత్తెర."

"ఓహో," అన్నాడు. కాసేపటికి వంటింట్లోకి వెళ్ళి చూస్తే కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతున్నాడు. సంతోషం పట్టలేక అయ్యుంటుంది. అంత సంతోషమైతే ఒక జోకైనా వేసేవాడే, వేయలేదు. అలసిపోయి ఉంటాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

అక్క గీత మీద పేపరు రాయడం పూర్తయింది. పత్రికకి పంపే ముందు మేడమ్ పిలిచింది.

"మీ అక్క పేరు పక్కన గుర్తు పెట్టలేదేం?"

రచయితల్లో ఎవరైనా లేకపోతే, పేరు పక్కన చిన్న బాకు గుర్తు వేసి పేజీ అడుగున సన్నక్షరాల్లో ఆ సంగతి రాయడం మా వృత్తిలో ఆనవాయితీ.

"మర్చిపోయాను మేడమ్."

"ఇది మూడోసారి."

"ఆ పని చేసినప్పుడు అక్క ఉంది కదా. పని చేసినప్పుడు ఎలా ఉంటే అలా రాయాలి."

మేడమ్ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "నీకు చేతులు రాకపోతే నేను పెడతాలే నాన్నా," అంది.

'నాన్నా' అనేసరికి నాకు ఒళ్ళు మండింది. వచ్చేశాను. అసలు మనిషి పేరు పక్కన బాకేమిటి? ఇంకే గుర్తూ దొరకలేదా? ఎవడికి తట్టిందో ఆ మహత్తరమైన ఆలోచన, వాడు కనబడితే అడుగుతాను.

ఫిబ్రవరి 20, గురువారం

వాన. బయటికి వెళ్ళలేదు.

అమ్మ పొద్దున్నే పనికి వెళ్ళిపోయేది కాబట్టి నన్ను బడికి తయారుచేసేది అక్కే. తలుపుకి తాళం వేసి లాగి చూసేది. నాలుగు ఇళ్ళు దాటాక ఆగి, "ఉండు, ఒకసారి చూసొస్తా," అని వెనక్కి పరిగెత్తేది. నేను బస్సు పోతుందని ఏడిచేవాణ్ణి. "వేశానని నాకు తెలుసురా. తెలియడం వేరు, చూడడం వేరు," అనేది. బస్సు నిజంగానే పోయేది. ఇద్దరం నడిచి వెళ్ళి తన్నులు తినేవాళ్ళం.

పెళ్ళి సంగతీ అంతే. అక్క మా ఆఫీసు లిఫ్టులో ఇరుక్కుంటే బావ వచ్చి బయటికి తీశాడు. మర్నాడు లిఫ్టు నిజంగా బాగైందో లేదో చూడాలని అక్క పనిగట్టుకుని ఆరుసార్లు ఎక్కి దిగింది. అనుమానం లిఫ్టు మీదా, నా మీదా అని బావ అడిగాడట. ఆ తర్వాత ఇరుక్కున్నది నేనే అని బావ ప్రతి పెళ్ళిరోజుకీ చెప్పేవాడు. అక్క ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది.

ఇవన్నీ ఎందుకు గుర్తొస్తున్నాయో. వానకి అనుకుంటాను.

ఫిబ్రవరి 24, సోమవారం

చూశాను. మానిటర్ మీద దుమ్ము కాదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

అది రుజువు కాదు. ముందు ఆ మాట రాసుకోవాలి. వట్టి చీకటి ఫొటోలు చాలా తక్కువ. అంత తక్కువ ఫొటోల్లో ఏదైనా కనబడుతుంది, మేఘాల్లో ఏనుగులు కనబడ్డట్టు. ఇది పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళితే ఏం చెప్పను? చీకట్లో గ్రహం లేదు, వలయాలు లేవు, అయినా అక్క గీత ఉన్నచోటే ఏదో ఉన్నట్టుంది అని చెప్పనా? ఉన్నట్టుంది అంటే మేడమ్ ఒప్పుకోదు. తేల్చిచెప్పాలంటే కెమెరాని పక్కకి తిప్పాలి. అదేమో తీసేశారు. కాబట్టి చెప్పి ప్రయోజనం లేదు. కాబట్టి చెప్పను.

తీసేశారు అని రాశాను. సరే.

పైవారం శుక్రవారం బండికి ఆజ్ఞలు పంపేస్తారు. అక్కడికి మాట చేరడానికే గంటలు పడుతుంది, ఒకసారి పోయాక వెనక్కి రాదు. పోనీ. పోయిందంటే నాకు ఈ గోల ఉండదు. పేపరు అచ్చవుతుంది, బావ దాన్ని పటం కట్టించి హాల్లో పెట్టుకుంటాడు, వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. ఒక దుమ్ము గీత ఉంటే ఎవరికి నష్టం? దూరంగా, ఎవరి జోలికీ పోకుండా, దాని మానాన అది ఉంటుంది. ఇంకో బండి అక్కడికి చేరేసరికి మేమెవరం ఉండం.

బావ కోసం. నాకేమీ లేదు ఇందులో.

ఫిబ్రవరి 28, శుక్రవారం

బావ ఇవాళ మా ఆఫీసు లిఫ్టు చూడడానికి వచ్చాడు. అందులో కత్తెర ఎక్కాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో సాయంత్రం దాకా నాకు తెలీదు.

ఇంటికి వచ్చేసరికి బావ బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"తిప్పడం తీసేయమన్నది నువ్వేనటగా?"

భుజాన ఉన్న సంచీ దించి కింద పెట్టాను.

"మీ బావమరిది పెద్దమనసు చేసుకుని వదిలేశాడండీ అన్నాడు ఆయన. ఎవర్నడిగి వదిలావురా?"

ఇన్నేళ్ళలో బావ నా మీద అరవడం ఇదే మొదటిసారి. నాకూ కోపం వచ్చింది.

"నీకోసమే బావా! రేపు అది కెమెరాదని తేలితే ఏమైపోతావు నువ్వు? కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నావు. నీకు మిగిలింది అదొక్కటే కదా!"

"నాకా?" బావ లేచి నిలబడ్డాడు. "నాకా మిగిలింది? నాకు గీతెందుకురా? నాకు మీ అక్క కావాలి."

"మరి లిఫ్టెక్కిన వాళ్ళందరికీ ఎందుకు చెప్తావు?"

"నువ్వు వింటావని! ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచి గీత ఊసు తప్ప ఇంకో మాట లేదు నీ నోట్లో. అది ఉందంటేనే ఇన్ని మెతుకులు తిన్నావు. అందుకే నువ్వు కనబడ్డప్పుడల్లా ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి. నాకేం తెలుసురా వలయాల సంగతి? నువ్వు చెప్పిందే నీకు తిప్పి చెప్పాను."

మళ్ళీ కూర్చున్నాడు. గొంతు తగ్గింది.

"అందరూ చప్పట్లు కొట్టిన రోజు ఇంటికొచ్చి మీ అక్క ఏమందో తెలుసా? సగానికి సగం అది కెమెరాదే అయ్యుంటుంది, తిప్పి చూస్తేగాని నాకు మనసు కుదుటపడదు అంది."

"నాకు చెప్పలేదే!"

"వాడికి చెప్పకు అంది. నాకంటే వాడే ఎక్కువ సంబరపడుతున్నాడు, తేలేదాకా పడనీ పాపం అంది."

బావ కాసేపు బూట్ల తాళ్ళు విప్పుతూ ఉండిపోయాడు. ముడి పడిపోయింది, రాలేదు.

"ఆఖర్న ఆ గదిలో కూడా అదే ధ్యాస. అప్పటికి గొంతు రావట్లేదు. చెవి దగ్గరికి రమ్మని సైగ చేసి, తిప్పాక ఏమైందో నాకు చెప్పు అంది. చెప్తానన్నాను. ఏం చెయ్యనూ, చెప్తాననే అన్నాను." ఏడ్చాడు. అంత మనిషి, పనిబట్టల్లో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఏడ్చాడు.

నేను దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాల్సింది. నాకు ఆ క్షణంలో బావ మీద అసూయ పుట్టింది, అదీ నిజం. ఆ రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను. ఫోనొస్తే వరండాలోకి వెళ్ళాను. అక్క ఆ మాట బావతో చెప్పింది, నాతో చెప్పలేదు. నన్ను చివరిదాకా బడికి వెళ్ళే పిల్లాడిలాగే చూసింది. ఆ పిల్లాడు ఆవిడ అడిగిన ఒకేఒక్క పనిని తీసుకెళ్ళి ఊటల వాళ్ళకి దానం చేసి వచ్చాడు.

మార్చి 3, సోమవారం

ముందు మేడమ్ దగ్గరికి వెళ్ళాను. చీకటి ఫొటోలు చూపించాను. ఎప్పుడు చూశావని అడిగింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పేపరు పంపడం ఆపేసి, "పద," అంది.

కత్తెర వినడానికే ఇష్టపడలేదు. "ఆ ముప్పావుగంట ఊటల వాళ్ళకి ఇచ్చేశాను. ఇచ్చింది నువ్వేగా? వాళ్ళు దానిచుట్టూ అంతా సర్దుకున్నారు. నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?"

"నాది తీసేసి వాళ్ళకివ్వండి."

నాది అంటే చందమామల రంగులు కొలవడం. రెండేళ్ళుగా దానికోసం తయారవుతున్నాను. ఈ ప్రయాణంలో నా పేరు మీద ఉన్నది అదొక్కటే. కత్తెర మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీ వైపు చూసింది.

"మళ్ళీ మనసు మార్చుకోవుగా?"

"మార్చుకోను."

చాలాసేపు స్క్రీను మీద గళ్ళు అటూ ఇటూ జరిపాడు. ఆఖరికి, "పెట్టాను," అన్నాడు. మేము లేస్తుంటే అన్నాడు, "నాకు కత్తెర అని పేరు పెట్టింది మీ అక్కే అని తెలుసు నాకు. ఇంకోసారి దానాలు చేసేముందు ఇంట్లో అడిగి రావయ్యా."

మార్చి 7, శుక్రవారం

ఆజ్ఞలు వెళ్ళాయి. బావకి ఫోన్ చేసి చెప్పాను. "సరే," అన్నాడు. ఏదో లిఫ్టు పైన ఉన్నాడు, గాలి చప్పుడు వినపడింది.

మార్చి 12, బుధవారం

బావ వంట మాడ్చాడు. ఇద్దరం అదే తిన్నాం. గీత మాట ఎవరూ ఎత్తలేదు. తలా కాసేపు అక్కని తిట్టుకున్నాం, బీరువా తాళం ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ దొరకలేదని. నవ్వొచ్చింది. నవ్వాక చాలాసేపు ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.

మార్చి 19, బుధవారం

బండి గ్రహం వెనక్కి వెళ్ళి వచ్చింది. అన్నీ అనుకున్నట్టే జరిగాయట. ఫొటోలు మెల్లగా దిగుతున్నాయి, ఇంకా నాలుగైదు రోజులు పడుతుంది.

ఒరగాలి. దేవుడా, ఒరగాలి. ఇన్ని చేసి కూడా అదే కోరుకుంటున్నాను. బావ కోసం అని ఇంక రాయను.

మార్చి 24, సోమవారం

పగలు పదకొండింటికి అన్నీ చేరాయి. బావకి కబురు చేస్తే పనిబట్టల్లోనే వచ్చాడు. బయటివాళ్ళని ఆ గదిలోకి రానివ్వరు. మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి ఎవరైనా ఆపితే చూసుకుంటానంది. ఎవరూ ఆపలేదు.

ముందు నిటారుగా తీసినవి కలిపాను. గీత ఉంది. క్రితంసారి లాగే, వలయాలన్నిటికీ బయట, వెంట్రుకంత. బావ తెరకి బాగా దగ్గరగా వంగాడు.

"ఇదేనా?"

"ఇదే."

ఇన్ని నెలలుగా దాని గురించి ఊరంతా చెప్పిన మనిషి, దాన్ని చూడడం ఇవాళే మొదలు.

తర్వాత పక్కకి తిప్పి తీసినవి కలిపాను. గ్రహం ఒరిగింది. దానితో వలయాలన్నీ ఒరిగాయి, వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా. అక్క గీత ఒరగలేదు. ఇందాక తెరమీద ఎక్కడుందో అక్కడే, అలాగే నిలబడి ఉంది. ఒరిగిన వలయాలకి అడ్డంగా పోయింది.

మళ్ళీ కలిపి చూశాను. ఇంకోసారి కలిపాను.

"చాల్లేరా," అన్నాడు బావ. "ఒరగలేదుగా?"

"ఒరగలేదు."

"అంటే లేదన్నమాట."

"లేదు బావా."

మేడమ్ లోపలికి వచ్చి బావ పక్కన నిలబడింది. గదిలో మిగతావాళ్ళు తలలు దించుకుని ఎవరి పని వాళ్ళు చేస్తున్నట్టు కూర్చున్నారు. అందరూ అక్క చేతికింద పని నేర్చుకున్నవాళ్ళే.

బావని దింపడానికి లిఫ్టులో కిందికి వెళ్ళాను. మేమిద్దరమే ఉన్నాం. బావ అలవాటుగా తలుపు అంచు తడిమి చూశాడు, చప్పుడు విన్నాడు. రెండో అంతస్తు దాటాక అన్నాడు.

"చెప్తానని మాటిచ్చాను. తేలిపోయింది. ఇప్పుడు ఎవరికి చెప్పనురా?"

కింద తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కడానికి ఎవరో నిలబడి ఉన్నారు. మేము దిగలేదు. వాళ్ళు మా ఇద్దర్నీ చూసి, మెట్లవైపు వెళ్ళిపోయారు.

మార్చి 25, మంగళవారం

అక్కా, తిప్పి చూశాం. ఒరగలేదు. అది కెమెరాదే.